బోనానికి పట్టుచీర సరే, డోలీ మోసినోళ్ల పేర్లేవి?

ఆషాఢం వస్తే సర్కారు కూడా బోనమెత్తుతుంది. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చీ రాగానే బోనాలను రాష్ట్ర పండుగ అన్నారు. అప్పట్నించి ఆదివారం పొద్దున మంత్రులు పట్టువస్త్రాలు నెత్తిన పెట్టుకొని గుళ్లకు పోవటం, సోమవారం సెలవివ్వటం, గుడి కమిటీలకు చెక్కులు పంచటం, సందు సందుకూ నాయకుల ఫ్లెక్సీలు కట్టటం, అన్నీ పద్ధతిగా సాగుతున్నాయి. ప్రభుత్వం మారింది గానీ పట్టువస్త్రాల తట్ట ఆగలేదు. మంచిదే. కల్లు తాగి ఊగే అలగాజనం జాతర అని ఒకనాడు ముక్కు మూసుకున్నోళ్లే ఇవాళ బోనం పక్కన నిలబడి ఫొటో దిగుతున్నారు. ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. తెలంగాణ ఉద్యమంలో బోనం నెత్తిన పెట్టుకొని రోడ్డెక్కిన ఆడోళ్లు సాధించుకున్నది. క్యాంపస్‌లో లాఠీలు తిన్న పిల్లలు సాధించుకున్నది.

కాబట్టి గుర్తింపు వద్దని మేం అనటం లేదు. సర్కారు గుర్తించింది దేన్ని, కుండనా, కుండ మోసిన నెత్తినా అని అడుగుతున్నాం.

మేం తార్నాక చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెప్పుకునేవాళ్లం. మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా మొదట చూసిన తరం మాదే. మా పిల్లల్ని రాష్ట్ర పండుగలేవి అని అడిగితే టక్కున చెప్తరు. ఒక మార్కు ప్రశ్న గదా! లష్కర్ బోనాలు ఎవరు మొదలుపెట్టిన్రు, ఎందుకు మొదలుపెట్టిన్రు అంటే దిక్కులు చూస్తరు. పిల్లల్ని అనేదేం లేదు, వాళ్లకు చెప్పినోళ్లు లేరు.

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి తన చరిత్రగా చెప్పుకునే కథ ఇట్లా ఉంటుంది. 1813లో సురటి అప్పయ్య అనే మనిషి ఇక్కడి పటాలంలో డోలీ మోసే పనిలో ఉండె. పటాలాన్ని ఉజ్జయినికి పంపితే తానూ వెంట పోయిండు. అక్కడ గత్తర తగిలి జనం వేలల్లో రాలిపోతుంటే అప్పయ్య, ఆయన తోటివాళ్లు ఆ ఊరి మహంకాళికి మొక్కుకున్నరు. ఈ గత్తర తగ్గి జనం బతికి బట్టకడితే మా ఊళ్లె నిన్ను నిలబెట్టుకుంటం అన్నరు. బతికిన్రు. తిరిగొచ్చి 1815లో కర్రతో చేసిన అమ్మవారి బొమ్మను నిలబెట్టిన్రు. 1864లో కర్ర బొమ్మ జాగాలో రాతి విగ్రహం వచ్చింది. బావి తవ్వుతుంటే దొరికిన మాణిక్యాలమ్మ పక్కన చేరింది. ఇవాళ ముఖ్యమంత్రులు వంగి దండం పెట్టే గుడి పుట్టుక ఇదీ. రాజు కట్టించలేదు, జమీందారు కట్టించలేదు, ఏ పీఠాధిపతీ ముహూర్తం పెట్టలేదు. చావును కళ్లారా చూసిన కూలోళ్లు మాట మీద నిలబడి కట్టుకున్నరు.

డోలీ అంటే ఇప్పటి పిల్లలకు పెళ్లి పల్లకీ గుర్తొస్తుంది. పటాలం డోలీ అది కాదు. బొంగుకు మంచంలాగ గుడ్డ కట్టి, దెబ్బ తగిలిన సిపాయినీ జ్వరమొచ్చిన దొరనూ అందులో పడుకోబెట్టి భుజాల మీద కోసులకొద్దీ మోసుకుపోయేది. అంబులెన్సు లేని కాలంలో మనుషులే అంబులెన్సు. పటాలం కదిలిందంటే తుపాకులు పట్టినోళ్ల వెనక ఒక ఊరంత జనం నడిచేది. నీళ్ల తోలుతిత్తులు మోసే భిస్తీలు, గుర్రాలకు గడ్డి కోసేవాళ్లు, చాకళ్లు, పాకీ పనివాళ్లు, వంటవాళ్లు, ఎడ్లు తోలేవాళ్లు, డోలీ బోయీలు. వీళ్లు లేకుండా కంపెనీ ఒక్క యుద్ధం కూడా చెయ్యలేదు. రోగం వస్తే ముందు పట్టుకునేది వీళ్లనే. రోగిని ఎత్తేదీ దించేదీ వీళ్ల చేతులే, రోగి కక్కింది కడిగేదీ ఆ చేతులే. దొరల పేర్లు సమాధుల మీద, చర్చి గోడల మీద చెక్కి ఉన్నాయి. డోలీ బోయీల పేర్లు ఏ గోడ మీద ఉన్నాయి? ఒక్క అప్పయ్య పేరు మిగిలింది. అది కూడా పటాలం మిగిల్చింది కాదు, పండుగ మిగిల్చింది. అప్పయ్య కులమేదని మమ్మల్ని అడగొద్దు. మాకు ఆయన భుజం మీది కాయ చాలు.

లష్కర్ అన్న పేరే చూడండి. సైన్యమని అర్థం. ఫారసీ నుంచి ఉర్దూలోకి, ఉర్దూ నుంచి మన నోట్లోకి వచ్చిన మాట. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ పటాలం ఇక్కడ తిష్ఠ వేసింది, దాని ఖర్చు నిజాం మీద పడింది. ఆ ఖర్చు కిందనే 1800లో బళ్లారి, కడప సీమలను కంపెనీకి రాసిచ్చారు. రాయలసీమను దత్తమండలాలని ఎందుకన్నారంటే జవాబు మన లష్కర్‌లో దొరుకుతుంది. ఒక పటాలాన్ని సాకటానికి ఒక సీమను ధారపోసిన్రు. 1806లో సికందర్ జా పేరు మీద ఈ కంటోన్మెంటుకు సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. మరో తొమ్మిదేళ్లకు అప్పయ్య అమ్మవారు వచ్చింది. ఇంగ్లీషోడి పటాలం, నిజాం సొమ్ము, మాళవదేశపు దేవత, ఇక్కడి కూలీల మొక్కు, ఉర్దూ పేరు. ఇంత కలగలుపు పండుగ దేశంలో ఎన్ని ఉంటాయి?

దీన్ని పట్టుకొని అనాదిగా వస్తున్న సనాతన ధర్మమని మైకుల్లో చెప్తుంటే నవ్వాలో ఏడవాలో తెలవదు. అనాది ఏంది? 1815 అని గుడే చెప్తుంటే! పల్లెల్లో పోచమ్మకు, మైసమ్మకు, ఎల్లమ్మకు బోనం పెట్టటం లష్కర్ కంటె పాతదే, కాదనం. ఆ దేవతలు ఊరవతల వేపచెట్టు కింద ఉన్నోళ్లు. మంత్రం అడగరు, మధ్యలో అయ్యవారిని అడగరు. కంచ ఐలయ్య గారు 1996లో ‘నేను హిందువు నెట్లయిత?’ అని రాసినప్పుడు పోచమ్మను ముందు పెట్టింది ఊరికే కాదు. ఆయన పాఠం చెప్పింది ఈ ఉస్మానియాలోనే. ఆ పల్లె బోనాన్ని పట్నం నడిబజారులోకి తెచ్చి, గోల్కొండ తర్వాత లష్కర్, లష్కర్ తర్వాత లాల్‌దర్వాజా అని వరస కట్టి నెల రోజులు నడిపింది పట్నం కూలి జనం. ఆ జనం చరిత్రను తుడిచి పైన కుంకుమ పూస్తున్నారు. ఇది గుర్తింపా, కబ్జానా?

ఇక తార్నాక సంగతి. ఈ చరిత్రను తవ్వి తియ్యటానికి కావలసినవన్నీ ఇక్కడ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఒక దిక్కు 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీ. చరిత్ర శాఖ ఉంది, ఉర్దూ శాఖ ఉంది, పార్శీ శాఖ ఉంది. ఇంకో దిక్కు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్. మొఘలుల నాటి నుంచి నిజాముల దాకా పార్శీ, ఉర్దూ దస్తావేజులు అక్కడ కట్టలు కట్టలుగా ఉన్నాయి. చుట్టూ మా బస్తీలు. మాణికేశ్వరీనగర్‌ను మేం ఇప్పటికీ వడ్డెరబస్తీ అనే అంటాం. క్యాంపస్ భవనాలకు రాళ్లు కొట్టింది మా తాతలే అని అక్కడి పెద్దమనుషులు చెప్తరు. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి ఫొటో దిగేటోళ్లు ఆ రాళ్లను చూస్తరు, రాయి కొట్టినోళ్లను చూడరు. ఇటు లాలాగూడ, నిజాం రైల్వే వర్క్‌షాపు కట్టినప్పటి నుంచి రైలు కూలీల అడ్డా. అటు లాలాపేట, మెట్టుగూడ. ఆషాఢంలో ప్రతి బస్తీలో బోనం లేస్తది, తొట్టెలు కడతరు, ఫలహారం బండి తీస్తరు. యూనివర్సిటీ గోడకు ఇవతల డప్పు మోగుతుంటే గోడకు అవతల సెమినార్ హాలులో ఫ్రెంచి చరిత్రకారుల పేర్లు చెప్పి కింది నుంచి చరిత్ర రాయాలంటరు. కింది అంటే ఎక్కడో కాదయ్యా, కిటికీ తెరిస్తే కనపడతది.

యూనివర్సిటీకి కంటోన్మెంటు చరిత్ర పట్టదని కూడా అనలేం. అదే సికింద్రాబాద్ పక్కన బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం ఉస్మానియా యూనివర్సిటీ చేతిలో ఉంది, రాస్ పేరు మీద సంస్థ ఉంది, ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం అయింది. గొప్ప పని, గౌరవించాల్సిందే. మరి ఆ దోమలకు తన ఒళ్లు అప్పగించిన రోగి ఎవరు? హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా లెక్కన రాస్ ఆయనకు చెల్లించాడు. ఆ లెక్క రాసే రాసిపెట్టాడు కాబట్టి పేరు తెలిసింది. రాస్‌కు సంస్థ, హుసేన్ ఖాన్‌కు అణాలు. ఒకే కంటోన్మెంటు, రెండు రోగాలు. 1815లో డోలీ బోయీలు తమకు చేతనైన రీతిలో రోగానికి ఎదురు నిలబడ్డరు. 1897లో దొర సూక్ష్మదర్శిని పట్టుకొని నిలబడ్డాడు. రెండోది విజ్ఞానం, మొదటిది భక్తి అని విడగొట్టి, మొదటిదాన్ని దేవాదాయ శాఖకూ రెండోదాన్ని యూనివర్సిటీకీ పంచేసిన్రు. మొదటిది కూడా చరిత్రే, ప్రజారోగ్య చరిత్ర. బోనం చుట్టూ వేపమండలు, పసుపు నీళ్ల సాక ఎందుకున్నాయో ఏ డాక్టరునైనా అడగండి. వేపతో గత్తర తగ్గుతుందని మేం చెప్పం, బడిపంతుళ్లం మేం. కానీ ఇంటిముందు ఊడ్చి, అలికి, వాడంతా కలిసి శుభ్రం చేసుకొనే రోజొకటి పెట్టుకున్న జనం బుద్ధిని తక్కువ చెయ్యొద్దు.

2020లో కరోనా వచ్చినప్పుడు బోనాలు ఎవరి ఇంట్లో వాళ్లు చేసుకొమ్మన్నారు. రోగం నుంచి పుట్టిన పండుగను రోగమే ఇంట్లో కూర్చోబెట్టింది. ఆ నెలల్లో సొంత బిడ్డలు కూడా ముట్టని పీనుగులను ఎత్తిందెవరు? మున్సిపాలిటీ కార్మికులు, అంబులెన్సు నడిపినోళ్లు, కాటికాడ పనిచేసేటోళ్లు. వాళ్ల ఇంటిపేర్లు చూస్తే ఏ వాడల నుంచి వచ్చిన్రో తెలుస్తది. రెండు వందల ఏళ్లు గడిచినా డోలీ భుజం మారలేదు. పళ్లేలు మోగించి, పూలు చల్లి ఊరుకున్నరు.

ఇప్పుడొక చిక్కు ముడి చెప్తాం. గుడి చెప్పే కథలో 1813 అని ఉంది. కొందరు దాన్ని కలరా అంటరు, కొందరు ప్లేగు అంటరు. ప్రపంచాన్ని చుట్టిన మొదటి కలరా మహమ్మారి బెంగాల్‌లో జెస్సోర్ దగ్గర మొదలైంది 1817 ఆగస్టులో. అదే నవంబరులో బుందేల్‌ఖండ్‌లో దిగిన గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ సైన్యం మీద పడి సిపాయిలనూ, అంతకంటె ఎక్కువగా వెంట నడిచే కూలోళ్లనూ ఊడ్చేసింది. మరుసటేడు దక్కనుకు దిగింది. సైన్యాలు నడిచిన దారినే రోగం నడిచింది. ఇంకో సంగతి. 1813లో ఉజ్జయిని సింధియాల ఏలుబడిలోది. మన పటాలం అక్కడికి ఏ పని మీద పోయింది? ఏ రెజిమెంటు పోయింది? దాని వెంట ఎందరు డోలీ బోయీలు పోయిన్రు, ఎందరు తిరిగొచ్చిన్రు? ఇవి భక్తిని శంకించే ప్రశ్నలు కావు. అప్పయ్యను నిజంగా గౌరవించే ప్రశ్నలు ఇవే. కంపెనీకి మనిషి ప్రాణం మీద లెక్క లేకున్నా జీతం మీద లెక్క ఉండేది. పైసా పైసాకు చిట్టా రాసేది. మద్రాసు సైన్యం కాగితాలు చెన్నై ఎగ్మోరులో ఉన్నాయి, లండన్‌లో ఉన్నాయి. నిజాం వైపు కాగితాలు మన తార్నాకలోనే ఉన్నాయి. రాష్ట్ర పండుగ అని జీవో ఇవ్వటానికి ఒక్క రోజు చాలు. ఆ పండుగ చరిత్ర తియ్యటానికి ఇద్దరు పరిశోధక విద్యార్థులకు మూడేళ్ల ఫెలోషిప్పు కావాలి. ఒక బస్తీ ఫ్లెక్సీల ఖర్చుతో అయిపోయే పని.

ఇది అయ్యే పనేనా అనేవాళ్లు మారిషస్‌ను చూడాలి. 1834 నవంబరు 2న అక్కడికి మన దేశపు గిరిమిట్ కూలీలు దిగిన రోజు ఆ దేశానికి జాతీయ సెలవు దినం. వాళ్లు ఓడ దిగి మెట్లెక్కిన జాగా, ఆప్రవాసీ ఘాట్, 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. మన తెలుగు కూలీలు కూడా ఎక్కిన మెట్లే అవి. ఆ కూలీల పేరు, ఊరు, కులం, ఒంటి మీది మచ్చ రాసిన రిజిస్టర్లు అక్కడి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. మునిమనవడు పోయి అడిగితే తాత నంబరు తీసి చూపిస్తరు. చక్కెర తోటల్లో చెరుకు నరికినోళ్లను ఒక దేశం అట్లా గుర్తుపెట్టుకుంది. మనం పట్టుచీర పెట్టి చేతులు దులుపుకున్నం.

అంతదూరం ఎందుకు, మన హైదరాబాదులోనే ఒక గుర్తింపు పోరాటం జరిగింది. మాదరి భాగయ్యగా పుట్టి భాగ్యరెడ్డివర్మ అయిన మనిషి, 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన మనిషి, మనం పంచములం కాదు, ఈ నేల మొదటి మనుషులం, ఆది హిందువులం అని పాతికేళ్లు కొట్లాడిండు. 1931 జనాభా లెక్కల్లో నిజాం సర్కారు ఆ పేరునే రాసుకోక తప్పలేదు. పట్టుచీర అడగలేదాయన. కాగితం మీద పేరు అడిగిండు.

ఇక్కడే మనోళ్లలో కొందరు లేచి అడుగుతరు. అడగాల్సిందే. భాగ్యరెడ్డివర్మ జోగిని ఆచారాన్ని, జంతుబలిని, కల్లుసారాను వ్యతిరేకించిండు గదా, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞలు చేయించిండు గదా, మీరు మళ్లీ అమ్మవారి గుడి చుట్టూ తిరుగుడేంది అని. మా మధ్య ఈ గొడవ ఏటా ఆషాఢంలో వస్తది. ఒకే ఇంట్లో తల్లి బోనం వండుతుంటే కొడుకు గోడకు బుద్ధుడి పటం కొడుతుంటడు. తల్లీకొడుకులు మాట్లాడుకోవటం మానలేదు, అదే మాకు ధైర్యం.

మా జవాబు ఇది. 1927 జనవరి 1న బాబాసాహెబ్ కోరేగావ్ స్తంభం దగ్గరికి పోయిండు. కంపెనీ దొరలకు మొక్కటానికి పోలేదు. 1818లో అక్కడ పడిపోయిన మహార్ సిపాయిల పేర్లు ఆ రాయి మీద చెక్కి ఉన్నాయి కాబట్టి పోయిండు. మహార్లను వాడుకున్న ఆ తెల్లసర్కారే 1890లలో వాళ్లను సైన్యంలోకి తీసుకోవటం మానేసిందని ఆయనకు తెలియదా? తెలిసే పోయిండు. మనోళ్ల పేరున్న రాయి దగ్గరికి మనం పోతాం, ఆ రాయి ఎవడు పాతిందన్నది తర్వాతి మాట. లష్కర్‌లో మాకు అట్లాంటి రాయి లేదు. గుడిలో అప్పయ్య పేరు ఉంది. మొక్కేవాళ్లు మొక్కుకోనీయండి, మొక్కనివాళ్లు ఆ పేరును చదవనీయండి.

జోగిని విషయంలో మాత్రం మాకు రెండో మాట లేదు. సోమవారం రంగం రోజు పచ్చికుండ మీద నిలబడి ఒక ఆడమనిషి భవిష్యవాణి చెప్తుంటే టీవీలన్నీ చూపిస్తయి, అధికారులు చేతులు కట్టుకొని వింటరు. ఆ ఒక్క పూట ఆమె మాటకు సర్కారు తల వంచుతుంది. ఆడమనిషి గొంతుకు అంత విలువ ఇచ్చిన ఆచారం అని మురిసిపోయే పండితులున్నారు. దేవుడికిచ్చి పెళ్లి చేసిన ఆడపిల్లల బతుకు మిగిలిన 364 రోజులు ఎట్ల ఉంటదో ఊళ్లల్లోకి పోయి చూసి మురవమనండి. 1980లలో నిజామాబాద్ పల్లెల్లో హేమలతా లవణం లాంటివాళ్లు తిరిగి పనిచేసినంక, 1988లో జోగిని, బసివి, దేవదాసి ఆచారాల మీద నిషేధ చట్టం వచ్చింది. అయినా ఊరేగింపులో శివసత్తుల వెంట నడిచే వాళ్లలో జోగినులు ఉన్నారు. రాష్ట్ర పండుగలో ఆమెను ఆడించి, ఆమె బిడ్డ బడి ఫీజు అడిగితే మొహం తిప్పుకునే గుర్తింపు మాకు అక్కర్లేదు. పండుగకు హోదా ఇచ్చినోళ్లు అదే జీవోలో ఆమెకు ఇల్లు, పింఛను, పిల్లల చదువు రాసి ఉండాల్సింది.

తిండి దగ్గర సర్కారు గుర్తింపు అసలు రంగు బయటపడుతుంది. గుళ్ల దగ్గర జంతుబలి కూడదని 1950 నుంచి చట్టం ఉంది. పోతరాజు గావు పట్టే చోట యాటపోతు పోయి చాలా గుళ్లలో గుమ్మడికాయ వచ్చింది. కొయ్యాలా వద్దా అన్నది మనం మనలో తేల్చుకునే మాట. భాగ్యరెడ్డివర్మ వద్దన్నది జనం బాగు కోరి, పిల్లల చదువు పైసలు జాతరలో పోతున్నయని. ఇప్పటి గుమ్మడికాయ అట్ల రాలేదు. కూర వాసన తగిలితే పండుగ మైలపడుతుందని పెద్దలు అనుకుంటున్నరు కాబట్టి వచ్చింది. బోనం కుండలో ఏం వండాలో కూడా వాళ్లే చెప్పే రోజు దూరం లేదు. ఇదే ఉస్మానియా క్యాంపస్‌లో 2012 ఏప్రిల్‌లో దళిత బహుజన విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే దాడులు జరిగినయి, టియర్ గ్యాస్ కొట్టిన్రు. 2015 డిసెంబరులో మళ్లీ చేస్తమంటే కోర్టు ఉత్తర్వులు, అరెస్టులు. ఒకే జనం, ఒకే వాడ. వాళ్లు నెత్తిన కుండ పెట్టుకుంటే రాష్ట్ర సంస్కృతి, పళ్లెంలో కూర పెట్టుకుంటే శాంతిభద్రతల సమస్య. 1953 జనవరి 12న బాబాసాహెబ్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చిన యూనివర్సిటీ ఇది. అది మాకు గర్వంగానే ఉంది. గర్వంగా ఉన్నది కాబట్టే నిలదీస్తున్నం.

పైసల సంగతి కూడా అనేస్తాం. గుళ్లకు ఇచ్చే సాయం కమిటీ పేరు మీద చెక్కుగా పోతుంది. కమిటీలో ఎవరుంటరు? బస్తీలో నాలుగంతస్తుల ఇల్లున్నోడు, కార్పొరేటరు మనిషి, కాంట్రాక్టరు. రంగులకు, లైట్లకు, మైకుసెట్టుకు ఓచర్లుంటయి. డప్పు కొట్టినోళ్లకు? వాళ్లు జిల్లాల నుంచి బస్సెక్కి వస్తరు. గుడి వెనక గోనెపట్టాల మీద పడుకుంటరు. పొద్దుగూకే దాకా వేళ్లు పగిలేలా కొడితే చివరికి కమిటీ పెద్దమనిషి జేబులో చెయ్యి పెట్టి ఎంత వస్తే అంత. బేరమాడితే వచ్చే ఏడు డీజే పెట్టుకుంటమంటరు. డప్పు లేకుండా బోనం లేవదని ఉపన్యాసం మాత్రం ఉంటది! చెక్కు ఇచ్చే సర్కారు ఒక్క షరతు పెట్టొచ్చు. డప్పు కళాకారుల కూలి ముందే రాసి, వాళ్ల చేతికే ఇచ్చి, సంతకం తీసుకున్నట్టు చూపిస్తేనే మిగతా సొమ్ము అని. ఇది పెద్ద విప్లవం కాదు, మస్టరు రోలు. కంపెనీవాడు కూడా రాసిన మస్టరు రోలు.

మిత్రులారా, మేం ఒక అర్జీ రాసినం. అందులో దేవాదాయ శాఖను అడిగినవి కొన్ని, యూనివర్సిటీని అడిగినవి కొన్ని ఉన్నాయి. సర్కారు ఖర్చుతో వేసే ప్రతి బోనాల కరపత్రంలో, బోర్డులో సురటి అప్పయ్య పేరు, డోలీ పని, 1813, 1815 ఉండాలె. తార్నాక ఆర్కైవ్స్‌లో కంటోన్మెంటు కూలీల కాగితాలు వెతకటానికి యూనివర్సిటీ చరిత్ర శాఖ, ఉర్దూ శాఖ కలిసి ఒక పని మొదలుపెట్టాలె, బస్తీ పిల్లల్లో డిగ్రీ చదివినోళ్లను అందులో తీసుకోవాలె. డప్పు కూలి సంగతి, జోగినుల సంగతి పైన చెప్పినట్టే రాసినం. పార్శీ చదవటం మనోళ్లకు రాదని ఎవరో అన్నరు. నేర్పిస్తే వస్తది. ఇంగ్లీషు రాదన్నరు, వచ్చింది గదా.

అర్జీ ఎట్లున్నా ఆగకుండా చేసుకునే పని ఇంకొకటి ఉంది. మాణికేశ్వరీనగర్‌లో, లాలాగూడలో, మెట్టుగూడలో ఎనభై దాటిన ముసలోళ్లు ఇంకా ఉన్నరు. వాళ్ల తాతలు పటాలంలో ఏ పని చేసిన్రు, ఏ ఊరి నుంచి వలస వచ్చిన్రు, లష్కర్‌లో ఎక్కడ గుడిసె వేసుకున్నరు, గత్తర సంవత్సరంలో ఎవరెవరు పోయిన్రు అన్నది వాళ్ల నోట్లో ఉంది. బడి అయిపోయినంక సాయంత్రం పూట ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో పోయి రాసుకుంటున్నం. ఇంటికొక నోటుబుక్కు పెట్టినం, రెండు వందల పేజీలది. మీ ఇంట్లో అట్లాంటి ముసలోళ్లుంటే కబురు చెయ్యండి. ఆషాఢం దాకా ఆగొద్దు. చలికాలం వాళ్లకు గడ్డుకాలం.